శేషగిరి సార్ షరతు

శేషగిరి సార్ నోట షరతు లేని వాక్యం విన్నవాళ్ళు ఢిల్లీ మొత్తం గాలించినా దొరకరు. నోయిడాలో ఒక బిజినెస్ కాలేజీ పిల్లలకి మాక్రో ఎకనామిక్స్ చెప్పేవారాయన. ‘వడ్డీరేట్లు తగ్గితే పెట్టుబడులు పెరుగుతాయి’ అని బోర్డు మీద రాసి, వెనక్కి తిరిగి, వేలెత్తి, “మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటే!” అనేవారు. పాఠానికది అవసరమే, కాదనం. కానీ ఆ మాట క్లాసులో ఆగేది కాదే! ఆయన వెనకాలే కాంటీన్‌కి కూడా వచ్చేసేది.

“చాయ్ పియేంగే, సార్?”

“పియేంగే. బాకీ సబ్ వైసే కా వైసా రహే తో.”

కాంటీన్ భయ్యా పాపం చుట్టూ ఓసారి చూసుకుని, అన్నీ ఉన్నచోటే ఉన్నాయని నమ్మకం కుదిరాకే గ్లాసు అందించేవాడు.

ఆయన భార్య సుభద్ర ఆంటీ బాధ ఇంకా పాతది. “పెళ్ళిచూపుల్లో అమ్మాయి నచ్చిందా అని మా నాన్న అడిగితే ఇదే జవాబు! మా అమ్మ హడలిపోయి పెళ్ళయ్యేదాకా నన్ను గడప దాటనిస్తే ఒట్టు.”

నల్లగొండ నుంచి వచ్చి మునిర్కాలో అద్దెగదిలో ఉండే శరణ్యకి మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండేది. మొదటి ఏడాది తప్పిన మాక్రో చివరి ఏడాదిలో కూడా ఆమె మెడకి చుట్టుకునే ఉంది. ఈసారీ తప్పితే గుర్గావ్‌లో వచ్చిన ఉద్యోగం పోయినట్టే. సరిగ్గా పరీక్షకి వారం ముందు ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమన్నాడు. అప్పుడే వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కని వచ్చి ఇక్కడి ఆస్పత్రిలో చేరింది. అదంతా సార్‌కి చెప్పుకుని, ఏడుపు ఆపుకుంటూ అడిగింది.

“నేను పాసైతనా సార్?”

“అవుతావమ్మా. మిగతావన్నీ...”

“ఒక్కసారి ఊరికెనే ‘అవుతావు’ అనరాదా సార్!” అని విసురుగా వెళ్ళిపోయింది.

రెండ్రోజులకి ఓనరే తలుపు తట్టి, “పరీక్షలయ్యేదాకా ఉండు, బేటీ” అన్నాడు. ఆస్పత్రికి వెళ్తే అక్కడ సుభద్ర ఆంటీ ప్రత్యక్షం!

“నా కళ్ళు చూపించుకుందామని వచ్చాలే. మీ అమ్మ దగ్గర నేనుంటా, నువ్వెళ్ళి చదువుకో.”

తన అదృష్టానికి తనే మురిసిపోయింది శరణ్య. పాసైంది కూడా.

మిఠాయి ఇవ్వబోతే సార్, “ఓ ఆదివారం మయూర్ విహార్‌లో మా ఇంటికి భోజనానికి రా” అన్నారు, మామూలు షరతుతో సహా.

“తప్పకుండ వస్త సార్!” అంది శరణ్య. ఏ షరతూ పెట్టలేదు. ఏళ్ళు గడిచాయి, ఆ ఆదివారం మాత్రం రాలేదు. ఒకసారి ఆఫీసు పని, ఒకసారి బద్ధకం, ఒకసారి ఏమీ లేకపోయినా సరే వెళ్ళలేదు.

సార్ రిటైరై తెనాలి వెళ్ళిపోతున్నారని తెలిశాక గానీ కదల్లేదు. ఇంటినిండా అట్టపెట్టెలే. ఆంటీ వాటి మధ్యే కూచోబెట్టి పప్పన్నం పెట్టింది.

“మీ మునిర్కా ఓనరు బాగున్నాడా? అప్పట్లో ఈయన వాళ్ళింట్లో బైఠాయించి ద్రవ్యోల్బణంతో మొదలుపెట్టి లోటు బడ్జెట్ దాకా వచ్చేసరికి పాపం నాకు ఫోన్ చేశాడు. ‘దీదీ, ఆ అమ్మాయిని ఉండనిస్తాను, ముందు ఈయన్ని తీసుకెళ్ళండి’ అని!”

శరణ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “మరి మీ కళ్ళు, ఆంటీ?”

“నా కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి! ‘పిల్ల పాసవుతుందని మాటిచ్చాను సుభద్రా, మిగతావి ఎక్కడివక్కడ ఉంచాలి కదా’ అని ఈయనే తరిమారు.”

పోగొట్టుకున్న ఆదివారాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి శరణ్యకి. బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఎలాగో అడిగింది.

“మళ్ళీ ఢిల్లీ వస్తరా సార్? మా ఇంటికి, భోజనానికి?”

సార్ వేలెత్తారు. “వస్తామమ్మా. మిగతావన్నీ...”

“అవి నేను చూస్కుంట సార్” అంది శరణ్య.