గోడ అవతలి లెక్క

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే మొదట సాక్ష్యం అడిగే మనిషిని నేను. ఇప్పటికీ నమ్ముతున్నానని అనను. కానీ కుప్పం పరీక్ష హాల్లో నా మీద పడిన నింద అబద్ధం. అది మింగలేకే రాస్తున్నాను.

డిగ్రీలో నాకు స్టాటిస్టిక్స్ ఒక్కటే మిగిలిపోయింది. ఈసారి పరీక్షే ఆఖరి అవకాశం. పాసు కాకపోతే పుంగనూరులో నేను పాఠాలు చెప్పే బడిలో ఉద్యోగం ఉండదని ముందే చెప్పేశారు. మదనపల్లెలో ట్యూషన్‌కు వెళితే అక్కడి సారు అందరి ముందూ, "నీకు యాలమ్మా ఈ లెక్కలు? ఇంట్లో కుట్టుమిషన్ ఉండాదంటివే" అన్నాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. మరుసటి రోజు నుంచి వెళ్లలేదు. పుంగనూరులో నా అద్దె గదిలోనే సొంతంగా మొదలుపెట్టాను.

లెక్క చేస్తూ ప్రతి మెట్టూ పైకి చదవడం నా అలవాటు. సాయంత్రం బడి నుంచి వచ్చి చదువుతుంటే గోడ అవతల ఒక ఆడగొంతు, నేను చదివిన వెంటనే, అవే మాటలు మెల్లగా చదివేది. ప్రతిధ్వని అనుకున్నాను. ప్రతిధ్వని అయితే మధ్యలో ఆగదు. ఇది మాత్రం పుస్తకం వెనకుండే నార్మల్ టేబుల్ అనే అంకెల పట్టికలో విలువ చూసి నేను చదవగానే ఆగిపోయేది. ప్రతిసారీ అక్కడే.

ఇంటామెను నిలదీశాను. "ఆడెవురుంటారమ్మా, శెనక్కాయ మూటలు తప్ప" అని పక్క గది తాళం తీసి చూపించింది. మూటలు పైకప్పు దాకా ఉన్నాయి. మనిషి నిలబడే చోటు లేదు. "సదివి సదివి సెవులు గింగురుమంటాండాయి నీకు" అని నవ్వింది. ఆ నవ్వూ గుర్తుంది.

పంతం పట్టి ఆ మెట్టునే మళ్లీ మళ్లీ చూశాను. పద్ధతి ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. టేబుల్ పాత పుస్తకంలోది. వీడియోలోని టేబుల్ ఎడమ చివర నుంచి లెక్కిస్తుంది, నాది మధ్య నుంచి. అందుకే వదిలేసిన ఎడమ సగానికి నా విలువకు పాయింట్ ఐదు కలపాలి. క్లాసులో కూర్చున్నవాళ్లకు ఇది ఎవరో ఒకరు చెబుతారు. నాకెవరూ చెప్పలేదు.

అది కలిపి చదివిన రోజు ఆ గొంతు ఆగకుండా జవాబు దాకా వచ్చింది. నేను లేచి బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆ తర్వాత పైకి చదవడం మానేశాను. గొంతూ వినబడలేదు.

పరీక్ష కుప్పంలో ఒక కాలేజీలో. హాల్లో ఇచ్చిన టేబుల్ కూడా మధ్య నుంచి లెక్కించేదే. పెదవులు బిగించుకుని రాస్తున్నాను. ఇన్విజిలేటర్ మేడం గబగబా నా బెంచీ దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, పాయింట్ ఐదు కలుపు, పాయింట్ ఐదు కలుపు అని ఎవురికి సెప్తాండావు? పేపరు పెరుక్కుంటాను."

"నేను నోరే తెరవలేదు మేడం."

"నా సెవులతో ఇన్నాను గదమ్మా."

కాపీ కొట్టించేదాన్ని చూసినట్టు అందరూ నన్నే చూశారు. సిగ్గుతో తల దించుకుంటే పేపరు కనబడింది. పాయింట్ ఐదు లేదు. కంగారులో మర్చిపోయాను. కొట్టేసి మళ్లీ చేశాను.

ఆ లెక్క మార్కులు లేకుంటే పరీక్ష తప్పేదాన్ని. వాటితోనే గట్టెక్కాను. ఉద్యోగం నిలిచింది.

నింద వెనక్కి తీసుకోమని ఆ కాలేజీకి రాశాను. జవాబు లేదు. మళ్లీ రాస్తాను. ఏమని రాయాలో మాత్రం తెలియడం లేదు. ఆమె అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పడం లేదు. ఆ రోజు నా చెవులకైతే ఏమీ వినబడలేదు.