మెయ్‌నూత్ నుంచి గాల్వేకి, రాగిరేకు మీద టోల్ ట్యాగుతో

డబ్లిన్ చుట్టూ తిరిగే రింగు రోడ్డుకు టోలు ఉందని మా ఆవిడ పోయాకే నాకు తెలిసింది. అక్కడ గేటు లేదు, డబ్బులడిగే మనిషి లేడు. కెమెరా కారు నంబరు చదువుకుంటుంది. మర్నాడు రాత్రి ఎనిమిదిలోపు మనమే గుర్తుపెట్టుకుని కట్టాలి. ఆరేళ్లు ఆ రోడ్డు మీద ఆఫీసుకు వెళ్ళాను. ఈ దేశం ఇంత మంచి రోడ్డు ఉచితంగా ఇచ్చిందని వచ్చిన చుట్టాల దగ్గర మెచ్చుకునేవాణ్ని కూడా. పద్మ పక్కనే కూర్చుని విని, కాఫీలు తేవడానికి లేచేది. రోజూ ఆమే ఫోన్లో కట్టేస్తోందని, ఆమె లేని రెండో నెలలో జరిమానా ఉత్తరాలు వరసగా వచ్చినప్పుడు అర్థమైంది.

"గెట్ ఎ ట్యాగ్, డాడ్," అంది మా అమ్మాయి మేఘన. పదిహేడేళ్లది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషులో వస్తుంది. నేను ఆ పని పది నెలలు వాయిదా వేశాను.

వెళ్ళదలచినవారి కోసం చెబుతున్నాను: ట్యాగు తెచ్చుకోవడం కష్టం కాదు. వెబ్‌సైటులో కారు నంబరు, బ్యాంకు కార్డు ఇస్తే నాలుగో రోజుకు పోస్టులో వచ్చింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ ముక్క. ముందు అద్దం మీద, లోపలి వైపు, వెనక చూసుకునే చిన్నద్దం చాటున అతికించాలని కాగితంలో బొమ్మ వేసి మరీ చూపించారు.

సరిగ్గా ఆ చోట పద్మ అతికించిన రాగిరేకు ఉంది. అరచేతిలో సగం ఉంటుంది, మీద గళ్లూ బీజాక్షరాలూ. దాంతోపాటు వచ్చిన చీటీలో, దీన్ని దాటి ఏ చెడూ బండిలోకి రాదని రాసి ఉంది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయితే ఆమె పెట్టిన వస్తువు ఏదీ ఈ ఏడాదిలో కదపలేదు, దీన్నీ కదపదలుచుకోలేదు. అందుకని ట్యాగును రేకు మీదే అతికించాను. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నవాణ్ని, పరీక్షించకుండానే బయల్దేరాను.

శనివారం పొద్దున్న ఏడూ నలభైకి మెయ్‌నూత్‌లో మా ఇంటి దగ్గర కారు తీశాం. గాల్వేలో మా మరదలు సుజాత ఇంట్లో పద్మ సంవత్సరీకం. పంతులుగారు వారమంతా ఒక కంపెనీలో కోడు రాస్తారు, మాకు ఒంటిగంట దాకానే సమయమిచ్చారు.

ఎనిమిదికి మొదటి టోల్‌గేటు. ట్యాగున్నవాళ్ల వరుసలోకి హుందాగా వెళ్ళాను. గేటు లేవలేదు. కాస్త వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకొచ్చాను. లేవలేదు. వెనక ఐదు కార్లు ఆగాయి. ఇక్కడ హారను కొట్టరు. మౌనంగా చూస్తారు, అది ఇంకా కష్టం.

నారింజ రంగు జాకెట్టు వేసుకున్న పెద్దావిడ నడిచి వచ్చింది. "ట్యాగు చేత్తో పైకెత్తి చూపించు, నాయనా," అంది.

"రాదండీ, అతుక్కుపోయింది."

ఆవిడ అద్దానికి ముఖం ఆనించి చూసింది. "ట్యాగుకు అడ్డంగా ఉన్నదేంటి?"

"రక్షణ కోసం. మామ్ పెట్టింది," అంది మేఘన ఇంగ్లీషులో.

"రాగి కదా తల్లీ! దాన్ని దాటి ఏదీ లోపలికి రాదు."

ఆవిడ అన్నది గేటు పంపే సిగ్నలు గురించే అయినా, చీటీలో రాసిన మాటను ఐరిష్ రోడ్ల ఉద్యోగి ధ్రువీకరించిందన్నమాట. పక్క కిటికీలోంచి ట్యాగు మీది నంబరు చూసి మిషన్లో కొట్టుకుని, "గ్రాండ్, ఇక వెళ్ళండి," అని గేటు తెరిచింది.

అథ్లోన్‌లో పెట్రోలు బంకు దగ్గర టీ తాగాం. "జస్ట్ టేక్ ఇట్ ఆఫ్, డాడ్," అంది మేఘన.

"మీ అమ్మ పెట్టింది."

తను కప్పు ఖాళీ చేసి కారు వైపు నడిచింది. తొమ్మిదీ ఇరవైకి రెండో గేటు. అక్కడ మనిషి ఉన్న వరుసలోకి వెళ్ళి, అద్దం మీద ట్యాగు పెట్టుకుని, బ్యాంకు కార్డుతో కట్టాను.

పదికి గాల్వే చేరాం. సంవత్సరీకం పద్ధతిగానే జరిగింది. పెరటి గోడమీద పిండం పెట్టి కాకికోసం చూస్తుంటే సముద్రపు కొంగలాంటి పక్షి ఒకటి వచ్చి ఎత్తుకుపోయింది. పంతులుగారు ఫోన్లో టైము చూసుకుని, "ఇక్కడ ఇవే వస్తాయండి, చెల్లుతుంది," అన్నారు.

భోజనాల దగ్గర మేఘన టోల్‌గేటు సంగతి చెప్పింది. సుజాత వడ్డిస్తున్నదల్లా ఆగింది.

"ఆ రేకు నేనిచ్చింది బావా! అక్క వాటిని నమ్మేదా ఏమిటి? నేను నొచ్చుకుంటానని పెట్టుకుంది. 'మీ బావ చూస్తే నవ్వుతారే, ఎవరికీ కనపడని చోట అంటించా' అని నాతోనే అంది. మీరింకా దాన్ని కాపాడుతున్నారా?"

కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాను. ఆమె నమ్మకమని ఏడాదిగా నేను కాపాడింది ఆమె మొహమాటాన్ని.

"పెరుగు వెయ్యనా?" అంది సుజాత, కాస్త మెల్లగా.

మూడింటికి సుజాత హెయిర్ డ్రైయర్ తెచ్చి కారు అద్దానికి వేడిగాలి పట్టింది. రేకు వేడెక్కి, ట్యాగుతో సహా ఊడి నా చేతిలోకి వచ్చింది. రేకును సుజాతకే ఇచ్చాను. చీర కొంగుతో తుడిచి లోపలికి తీసుకెళ్ళింది. ట్యాగును కడిగిన అద్దం మీద కొత్త జిగురు పట్టీతో అతికించాను.

నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. వాన మొదలైంది. ట్యాగు వాడే పద్ధతి కాగితంలో స్పష్టంగా ఉంది: వేగం తగ్గించాలి, ఆగనవసరం లేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి ట్యాగు చిన్నగా కూసింది, గేటు లేచింది. ఎవరూ దిగి రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఈ దేశంలో పనులన్నీ ఇంత సాఫీగా జరుగుతాయని మళ్ళీ చుట్టాలకు చెప్పవచ్చు. చెప్పను; ఆరేళ్లు అలా సాఫీగా జరిపించింది ఎవరో ఇప్పుడు తెలుసు. లేచిన గేటు ముందు కారు ఆపి, స్టీరింగు మీద చేతులుంచి కూర్చున్నాను.

వెనక ఒక కారు వచ్చి ఆగింది. హారను కొట్టలేదు. మేఘన కూడా తొందరపెట్టలేదు; వైపర్లు నాలుగైదు సార్లు తిరిగాక, తన చెయ్యి తెచ్చి స్టీరింగు మీదున్న నా చేతిమీద పెట్టింది. కారు కదిలించాను.