మాస్టారు రెండోసారి పడ్డ రోజు

నేను నటుణ్నని ఎవరితోనైనా చెప్పుకుంటుంటే, ఆ మాట పూర్తి కాకముందే మా ఆవిడ వంటింట్లోంచి నవ్వుతుంది. ఆమె తప్పేం లేదు. తెనాలి దగ్గర పద్యనాటకాల కంపెనీలో నాలుగేళ్లు తిరిగినా నా నటజీవితం మొత్తం ఒక్క ముక్క: "చిత్తం, మహాప్రభూ." దాన్ని కూడా ఒకసారి మర్చిపోయాను. రాజు ఆజ్ఞాపించాడు. నేను ఈటె పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాను. రాజు మళ్లీ ఆజ్ఞాపించాడు. మూడోసారికి ఆయనకే విసుగొచ్చి, "చిత్తమే కదా, పో" అని నా డైలాగు కూడా తనే చెప్పేసి నన్ను లోపలికి తోలేశాడు. జనం చప్పట్లు కొట్టారు. నా వల్ల మోగిన చప్పట్లు అవే.

తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి ఆ కంపెనీలో చేరాను. మా లెక్కల మాస్టారు ఆపలేదు సరికదా, నేను పోతే క్లాసు సగటు పెరుగుతుందని బోర్డు మీద వేసి చూపించారు. తర్వాత కంపెనీ మూతపడింది, నాకు పెళ్లయింది. మా ఆవిడ నర్సు. ఐర్లండులో, కార్క్‌లో ఒక ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వస్తే, ఆమె సామానుతో పాటు నేనూ వచ్చాను. పొద్దున్నే కారేసుకుని ఊరి బయట రింగాస్కిడీ వెళ్లి మందుల ఫ్యాక్టరీలో నేల తుడుస్తాను. మనవాళ్లు అడిగితే ఫార్మాలో ఉన్నానంటాను. అబద్ధం కాదు గదా.

మధ్యాహ్నం తిరిగొస్తూ వారానికి మూడు రోజులు ఒక చర్చి వెనక హాలు ఊడ్చే పని ఉండేది. ఒకరోజు తలుపు తీసేసరికి, అరవై దాటిన పొడుగాటి తెల్లమనిషి ఉత్త నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. చెప్పులు లేవు, కదలిక లేదు. చీపురు పారేసి పరిగెత్తాను. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"నేను పనిలో ఉన్నాను," అన్నాడు.

"ఈ పని మా వైపు చాలామంది చేస్తారండి," అన్నాను. "ఎవరూ జీతం ఇవ్వరు."

"నాకూ ఇవ్వరు," అని కన్ను మూసుకున్నాడు.

ఆయనది ఐస్‌లాండ్. నటుడు, డైరెక్టరు. మాటల్లేకుండా ఒంటితోనే నాటకాలు వేయించేవాడు. నాలుగు రోజులు గోడ పక్కన చీపురు పట్టుకుని ఆ రిహార్సల్ చూశాక, ఆయన ఎలా నడుస్తున్నాడో, కుంటే ఎడమకాలుతో సహా, నడిచి చూపించాను. ఎగతాళికే. ఆయనకు కోపం రావాలి. రాలేదు. "రేపు చీపురు లేకుండా రా," అన్నాడు. నేనాయన్ని మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టాను. అర్థం అడిగి తెలుసుకుని, తనకది నచ్చిందన్నాడు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఆయనది ఒక రకంగా విరిగింది, నాది ఇంకో రకంగా విరిగింది. రెండు ముక్కలూ బాగానే అతుక్కునేవి.

పది రోజులు నన్ను ఊరికే నడిపించాడు. "నాకు ఏడాది నిండకముందే వచ్చేసింది మాస్టారూ, నడక," అన్నాను.

"నువ్వు నడవట్లేదు. నీ తల ముందు వెళ్తోంది. ఒళ్లు దాని వెనక ఏడుస్తూ వస్తోంది."

ఇంటికెళ్లి మా ఆవిడతో చెబితే, "ఒళ్లొంచి చేసే నాటకమా? ఇంట్లో గిన్నెలు కడగమంటే ఒంగరే," అంది.

ఆయన కథ టీ తాగేటప్పుడు హాలు మెట్ల మీద ముక్కలు ముక్కలుగా తెలిసింది. పదిహేడేళ్లకు సముద్రం ఒడ్డున చేపల ఫ్యాక్టరీలో కోత పని. అక్కడి నుంచి రాజధానిలో నాటకాల బడి, ఆ తర్వాత అక్కడి పెద్ద థియేటర్లో హీరో వేషాలు. తర్వాత టీవీలో ఒక సీరియల్. నవ్వు రాని పల్లెటూరి పోలీసు వేషం. దేశమంతా ఆయన్ని గుర్తుపట్టిందట. ఆ దేశం జనం మొత్తం మన గుంటూరంత కూడా ఉండరని విని, "అయితే దేశమంతా గుర్తుపట్టడం అంటే గుంటూరులో సగమేనన్నమాట," అన్నాను.

"సగమే. కానీ ఆ సగానికీ నేను పోలీసునే. మా అమ్మని పూడ్చిపెట్టిన రోజు, ఇంకా మట్టి వేస్తుండగానే, ఒకడు నా పక్కకొచ్చి ఆ పోలీసు డైలాగు ఒక్కసారి చెప్పమన్నాడు."

"చెప్పారా?"

"చెప్పాను. అలవాటు. ఆ తర్వాత స్టేజీ మీద ఎప్పుడూ మాట్లాడలేదు."

ఉన్న పేరంతా వదిలేసి ఇంకో దేశం పోయి, ఒక ముసలి గురువు దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఆరు వారాల శిక్షణ ఇవ్వడానికి ఐర్లండు వచ్చి ఇరవై రెండేళ్లు ఉండిపోయాడు. ఒకప్పుడు కంపెనీలో పన్నెండు మంది ఉండేవాళ్లట. వ్యానులో ఊరూరా తిరిగేవాళ్లట. కొందరు సినిమాల్లోకి పోయారు, కొందరు సంసారాల్లోకి పోయారు. నేను చేరేసరికి ఆయనా, కార్క్ అమ్మాయి ఒకతీ మిగిలారు. మూడో మనిషిగా నేను దొరికానంటే ఆయన అదృష్టం ఎంత పల్చబడిందో చూడండి.

ఆయనకు ఒకటే కోరిక ఉండేది. ఈ మాటల్లేని నాటకాన్ని ఆయన తన దేశంలో ఒక్కసారి కూడా ఆడలేదు. అక్కడివాళ్లకు ఇప్పటికీ ఆయన ఆ పోలీసే. కొత్త నాటకం చూడటానికి ఆ పెద్ద థియేటర్ నుంచి ఇద్దరు వస్తామని రాశారు. నచ్చితే తీసుకెళ్తారు. ఉత్తరం వచ్చిన రోజు, "ఒక్కసారి నోరు మూసుకుని మా వాళ్ల ముందు నిలబడాలి," అన్నాడు. ఆ సాయంత్రం హాలు బీరువాలో కప్పులు తనే కడిగి సర్దాడు, అదీ రెండుసార్లు.

నాటకంలో ఒక ముసలివాడు పడవను ఒడ్డుకు లాగుతుంటాడు. పడవ ఉండదు, తాడు ఉంటుంది. తాడు రెండో కొసన నేనూ ఆ అమ్మాయీ. పడవ బరువంతా మా చేతుల్లోంచి జనానికి కనపడాలి. చివర్లో తాడు జారిపోతుంది, ముసలివాడు నిలువునా పడిపోతాడు. రిహార్సల్లో ఆయన సగమే పడేవాడు. ఎడమ తుంటి అరిగిపోయింది. ఆపరేషన్ కోసం ఆసుపత్రి జాబితాలో పేరుంది, ఆ జాబితా కదలదు. మా ఆవిడ ఒకసారి నన్ను కారెక్కించుకోడానికి వచ్చి ఆయన నడక చూసింది. "ఆయన్ని పడనివ్వకండి," అంది. "మీరు జోకులేసి ఆపుతారో, ఏం చేస్తారో నాకు తెలీదు."

మాస్టారి పద్ధతిలో ఒక నియమం ఉంది. స్టేజీ మీద పడబోయేవాడు ముందుగా ఎదుటివాడి కళ్లలోకి చూడాలి. ఎదుటివాడు కళ్లు తెరిచే ఉంచితే, పడొచ్చు. కళ్లు మూసుకుంటే, వద్దు. వద్దంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే. ఆయన ఎప్పుడు పడ్డా నా కళ్లలోకి చూసేవాడు.

మా వైపు నియమం ఒకటి నేను ఆయనకు చెప్పాను. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. నటుడు మళ్లీ పాడి తీరాలి. యుద్ధంలో చచ్చిపోయిన రాజైనా సరే, వన్స్ మోర్ వినపడితే లేచి, గడ్డి దులుపుకుని, పద్యం ఎత్తుకుని, మళ్లీ చస్తాడు. మాస్టారు ఆ రోజు నవ్విన నవ్వు ఇంకెప్పుడూ నవ్వలేదు. ఆ లేచే రాజును నా చేత పది సార్లు చేయించాడు.

ఆట ఆదివారం మధ్యాహ్నం. మాస్టారి నాటకాలకు పదిహేను మంది వస్తే ఎక్కువ. వచ్చిన ఆ ఇద్దరికీ ఖాళీ కుర్చీలు చూపించడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని మనవాళ్లందరికీ ఫోన్లు చేశాను. నర్సులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, పిల్లలు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పిల్లల డాక్టరుగారు, మొత్తం నలభై మంది వచ్చారు. కార్ పార్కులో వాన పడుతుంటే డాక్టరుగారు అడిగారు.

"ఏవోయ్, ఇందులో మాటలుండవంటగా. మేం ఏం చేయాలి మరి?"

"మన ఊళ్లో ఏం చేస్తారో అదే చేయండి. నచ్చితే వన్స్ మోర్ అనండి. మొహమాటపడకండి."

అదీ నేను చేసిన పని. ఇంగ్లీషువాడెవడూ చేయడు, ఐర్లండువాడూ చేయడు. నేను చేశాను.

ఆ రోజు మాస్టారు ఎలా ఆడాడో నాకు చెప్పడం చేతకాదు. పడవ వచ్చింది. నేను తాడు కొసన ఉండి కూడా దాన్ని చూశాను. హాల్లో పసిపిల్లలు కూడా గొంతెత్తలేదు. చివర్లో ఆయన నా వైపు చూశాడు, నేను కళ్లు తెరిచే ఉంచాను, ఆయన పడ్డాడు. సగం కాదు, మొత్తం. మోకాలు, తుంటి, భుజం, ఒకదాని వెనక ఒకటి, నీళ్లు పోసినట్టు. ఏ దెబ్బా తగలలేదు. ముందు వరసలో ఆ ఇద్దరూ లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంటోంది. అయిపోయింది. అక్కడితో అయిపోవాలి.

వెనక నుంచి డాక్టరుగారు, మంచి పద్యం విన్న గొంతుతో, వన్స్ మోర్ అన్నారు. ఆ వెంటనే నలభై మందీ అందుకున్నారు.

మాస్టారు నేల మీద నుంచి తల తిప్పి నవ్వాడు. చేత్తో చొక్కా దులుపుకున్నాడు. గడ్డి దులుపుకునే రాజులా, నేను చేసి చూపించినట్టే. ఆ కుంటికాలు మీద లేచాడు. వెనక్కి నడిచి తాడు ఎత్తుకున్నాడు. లాగాడు. తాడు జారింది. నా కళ్లలోకి చూశాడు.

కళ్లు మూసుకుంటే చాలు. అంతే నా పని. మా ఆవిడ మూడో వరసలోంచి నన్నే చూస్తోంది. కానీ నలభై మంది నావాళ్లు వన్స్ మోర్ అంటున్న స్టేజీ మీద నేను నిలబడటం నా బతుకులో అదే మొదటిసారి. అది ఇంకొంచెంసేపు ఉండాలనిపించింది. కళ్లు తెరిచే ఉంచాను.

ఈసారి చప్పుడు వినపడింది. ఎండుకట్టె విరిగినట్టు, చిన్నగా. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. మా ఏడేళ్ల పిల్ల లేచి వాళ్లమ్మని అడుగుతోంది, "మమ్మీ, ఈజ్ హీ ఓన్లీ ప్రిటెండింగ్?" కార్క్ అమ్మాయి ఆయన తల ఒళ్లో పెట్టుకుని, "యు ఆర్ గ్రాండ్, యు ఆర్ గ్రాండ్" అంటోంది, అక్కడి మాటలో ఏం కాలేదని. అందరికంటే ముందు స్టేజీ ఎక్కింది డాక్టరుగారే. తుంటి మీద చెయ్యి వేసి చూసి, నాకు మాత్రం వినపడేలా తెలుగులో, "పోయిందయ్యా," అన్నారు.

తర్వాత చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. ఆపరేషన్ చేశారు. అది సరిగా అతకలేదు, చీము పట్టింది, మళ్లీ కోశారు. కదలని జాబితాలోంచి ఆయన పేరు ఆ రకంగా కదిలింది. ఆ ఇద్దరూ ఎంతో మర్యాదగా ఉత్తరం రాశారు. చాలా ఏళ్లలో అంత గొప్ప నాటకం చూడలేదట. ఆయన లేకుండా అది లేదు కాబట్టి ఆ విషయం ఇక తలపెట్టడం లేదట. కార్క్ అమ్మాయి డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఏదో ఆఫీసులో రిసెప్షన్లో కూర్చుంటోంది. హాలును బ్యాడ్మింటన్ వాళ్లు తీసుకున్నారు. నేనే ఊడుస్తాను. డాక్టరుగారు మన పూజల దగ్గర నన్ను చూస్తే, చెప్పులు ఎక్కడ విడిచారో వెతుక్కునే పనిలో పడతారు. మా ఆవిడ మాత్రం ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మాస్టారు ఇప్పుడు ముసలివాళ్ల హోములో ఉంటున్నాడు. వాకర్ పట్టుకుని కిటికీ దాకా వస్తాడు, తిరిగి మంచం దాకా వెళ్తాడు. అక్కడ ఆయన ఎవరో ఎవరికీ తెలియదు, పోలీసుగా కూడా. చాలా నెలలు నేను వెళ్లినప్పుడల్లా జోకులే వేశాను. హోములో టీ మీద, పక్క మంచం ముసలాయన గురక మీద. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం జోకులు అయిపోయాయి.

"మాస్టారూ," అన్నాను, "ఆ రోజు నేను కళ్లు మూసుకుని ఉంటే మీరీపాటికి మీ ఊళ్లో ఆడి ఉండేవారు. మిమ్మల్ని పడేసింది నేనే."

ఆయన వాకర్ మీద రెండు చేతులూ ఆనించి, కిటికీలోంచి బయటికి చూస్తూనే జవాబు చెప్పాడు.

"నలభై ఏళ్లు చేసినదాంట్లో పూర్తిగా నాదని చెప్పుకోడానికి ఆ పడటం ఒక్కటుంది. దాన్నీ నువ్వే చేశానని పట్టుకుపోతే ఎలాగయ్యా?"