సగంలో ఆగిన నా సాక్ష్యం

డెబ్భైల మొదట్లో మాదాపూర్‌లో గాజు మేడలు కాదు కదా, చెప్పుకోదగ్గ డాబా కూడా లేదు. రాళ్లు, సీతాఫలం పొదలు, మేకలు ఉండేవి. ఊరి చివర పెంకుల కప్పు కింద ఒకే గది, అదే మా గుడి. క్రైస్తవులమైనా మేము చర్చిని గుడి అనే అనేవాళ్లం. అమ్మ క్వారీలో కంకర కొట్టేది. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు.

మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక, ఎవరి సొంత మనసుతో వాళ్లు వస్తే, వాన నీళ్లు నిండిన పాత క్వారీ గుంతలో ముంచుతారు. ఆ సొంత మనసు ఎవరికి ఏ సంవత్సరం రావాలో మాత్రం అయ్యగారు నిర్ణయించేవారు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన పాస్టరు, మెత్తని మనిషి. నా సొంత మనసు పందొమ్మిదో ఏట వస్తుందని తేల్చారు.

గుంతలో దిగడానికి వారం ముందు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి. ఎప్పుడో మునిగినవాళ్లు కూడా ఏటా ఆ రోజున తమది మళ్లీ చెప్పుకునేవారు. సాక్ష్యానికి రెండు సగాలు. మొదటి సగంలో మనమెంత చెడిపోయామో చెప్పాలి, రెండో సగంలో దేవుడెలా బాగు చేశాడో చెప్పాలి. రెండోది అందరిదీ ఒకటే కాబట్టి పేరంతా మొదటి దానితోనే వచ్చేది. మా మేనమామ తాగుడు సాక్ష్యం నా చిన్నప్పుడు ఒక ముంత కల్లుతో మొదలైంది. నాకు మీసాలు వచ్చేనాటికి ఆయన తాటివనమంతా తాగేశాడు. ఏ పాపమూ చేసే తీరిక దొరకని ఒక ముసలమ్మ, చిన్నప్పుడు దొంగిలించిన చింతకాయల గురించే ఏటా చెప్పేది. ఎవరూ ఏడవకపోతే చిన్నబుచ్చుకునేది.

ఇంకో ఆచారం కూడా ఉంది. చెప్పేవాళ్లు గొంతు పూడుకుపోయి ఆగితే, ఆదుకోవడానికి ఎవరో ఒకరు పాట ఎత్తుకునేవారు. పాట మొదలైందంటే సాక్ష్యం ముగిసినట్టే.

నా బడి ఎనిమిదో తరగతితో ముగిసింది. మిగతా చదువంతా నాలుగు మైళ్ల అవతల ఉన్న శాఖా గ్రంథాలయంలో సాగింది. ఏది చదవాలో చెప్పేవాళ్లు లేరు గనక మొదటి అల్మరా పై అర నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను. అలా కోళ్ల పెంపకం, తర్కశాస్త్రం, తేనెటీగలు, భూగర్భశాస్త్రం ఆ క్రమంలోనే నా తలలోకి చేరాయి. భూగర్భశాస్త్రం దగ్గర ఆగిపోయాను. మా ఊరి రాయి కోట్ల ఏళ్లనాటిదట. అయ్యగారి బోధ ప్రకారం లోకానికే ఆరువేల ఏళ్లు. అంటే అమ్మ రోజూ సుత్తెతో పగలగొడుతున్నది సృష్టికి ముందున్న సరుకు. ఆ సందేహం రాయి దగ్గర పుట్టి నోవహు ఓడ దాకా, ఓడ నుంచి ప్రార్థన దాకా పాకింది. నాన్న జ్వరానికి సంఘమంతా ఏడు రోజులు ప్రార్థించిందట. ఎనిమిదో రోజు "దేవుని చిత్తం" అన్నారట. ఈ రెండు మాటలనూ నా తర్కశాస్త్రం ఒక చోట కూర్చోబెట్టలేకపోయింది. రెండేళ్లలో నమ్మకం పూర్తిగా పోయింది.

నమ్మకుండా నీళ్లలో దిగితే అది అబద్ధం. దిగకపోతే అమ్మ తల ఎత్తుకోలేదు. అప్పటికే ఆమె నాకు తెల్ల చొక్కా కుట్టించి పెట్టెలో పెట్టింది. ఇంట్లో చెప్పే ధైర్యం లేక, సంఘం ముందే పాండిత్యంతో చెప్పేద్దామనుకున్నాను. మూడు వారాలు నిఘంటువు పక్కన పెట్టుకుని రాశాను. చివరి వాక్యం: "కావున నేను బాప్తిస్మము స్వీకరింపజాలను." ఉపన్యాసకళ మీద ఒక పుస్తకం కూడా చదివి ఉన్నాను. ముఖ్యమైన మాటకు ముందు ఒక్క క్షణం ఆగి సభను తేరిపార చూడాలని అందులో ఉంది.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను.

"నా హృదయము సంశయగ్రస్తమైనది."

"స్తోత్రం!" అంది సంఘం.

"సృష్టి ఆరు దినములలో జరిగెనని నేను విశ్వసింపను."

"అయ్యో ప్రభువా! స్తోత్రం!"

"ప్రార్థన నిష్ఫలమని నా నిశ్చయము."

మేనమామ కళ్లు తుడుచుకున్నాడు. అంత ఘోరమైన మొదటి సగం ఆయన జన్మలో వినలేదు. వనం మొత్తం తాగినా ప్రార్థన జోలికి పోలేదాయన. నేను చివరి వాక్యం దగ్గరికి వచ్చి, పుస్తకంలో చెప్పినట్టే ఆగి, సభను తేరిపార చూశాను.

చింతకాయల ముసలమ్మ పాట ఎత్తుకుంది. కంజీరలు మోగాయి. నేను నోరు తెరిచి మూశాను.

పాటయ్యాక అయ్యగారు నన్ను కౌగిలించుకున్నారు. "ఎంత బాగా చెప్పావయ్యా! నెలాఖరుకు మణికొండ కూడికలో కూడా చెప్పాలి."

"ఇంకొక్క వాక్యముందండి, అయ్యగారూ."

"ఉంచు బాబూ, ఉంచు. అది నీళ్లలో దిగేటప్పుడు చెబుదువుగాని."

మేనమామ నా భుజం తట్టాడు. "గా సైతాన్ నిన్ను గట్టిగనే వట్టుకుండె గదరా అల్లుడా! నన్నింక ఎవడడుగుతడు?" అన్నాడు, కొంచెం అసూయగానే.

మర్నాడు గ్రంథాలయంలో గ్రంథపాలకుడికి జరిగింది చెప్పాను. ఆయన నామం పెట్టుకునే పెద్దమనిషి. మొహం వెలిగిపోయింది.

"మంచిగైంది! ఇగ మా దిక్కు రా."

"మీ దిక్కు కూడా రానండి."

"మల్ల? నౌకరీకి దరఖాస్తు వెట్టినవా ఏంది? హిందువునని కులం సర్టిఫికెట్ కోసమా?"

"కాదండి. ఈ అల్మరాలో పుస్తకాలు చదివాక..."

"పుస్తకాలు సదివి దేవుణ్ణి ఇడిసిపెడ్తరా ఎవరన్న? నేను ఇరవై ఏండ్ల సంది గీడనే ఉన్న, నాకేమన్న అయ్యిందా?"

నిజమే. ఆయనకేమీ కాలేదు.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. సంఘమంతా పాడుతున్నప్పుడు ఆమె ఒక్కతే పాడలేదని నాకప్పుడు గుర్తుకొచ్చింది.

"నిన్న నిన్ను చెప్పనియ్యలే గదా. కడమ ముచ్చటేంది?" అంది.

జేబులోంచి కాగితం తీశాను.

"అది పక్కకు వెట్టి చెప్పు."

కాగితం లేకపోతే ఆ మాట చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "నేను గుంతల దిగనమ్మా. నాకు నమ్మకం లేదు."

ఆమె కట్టె ఒకటి లోపలికి తోసింది. "రేపు నేను పోతే బొందకాడ పాటెవలు పాడుతరు?"

"నేను పాడుత."

"నమ్మకుంటనే?"

"పాటలు నాకొస్తయి గదమ్మా."

"నమ్మనోని పాట నాకెందుకురా?" అని కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్లీ తనే అంది. "అయ్యగారికి నువ్వే వోయి చెప్పు. గిట్లనే చెప్పు. గా పెద్ద పెద్ద మాటలు చెప్పకు, మల్ల పాట మొదలువెడ్తరు."

శనివారం వెళ్లి చెప్పాను. అయ్యగారు చాలాసేపు నవ్వుమొహంతోనే ఉన్నారు, రెండో సగం వస్తుందేమోనని. రాకపోయేసరికి, "మీ అమ్మగారు తట్టుకోగలరా బాబూ?" అన్నారు. ఆ వారంలో నన్నెవరూ అడగని ప్రశ్న అది.

ఆదివారం గుంతలో ఆరుగురు దిగారు. అమ్మ వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చి ఇద్దరికీ అన్నం వడ్డించి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. రోజూ రెండు మాటలతో అయ్యే ప్రార్థన ఆ రోజు ఎంతకీ ముగియలేదు.

"ప్రభువా, వీడు సదివి సదివి ఖరాబైండు. నాకు సదువు రాదు, వీనికేం చెప్పాల్నో తెల్వది. నువ్వే జర వీని సంగతి జూడు. మేనమామ మాట్లాడుత లేడు, ఆయన సంగతి గూడ జూడు. మనసుల ఒకటి వెట్టుకొని నీళ్లల్ల దిగలే వీడు, గంతవరకు మంచిదే."

నేను వింటున్నానని ఆమెకు తెలుసు. చారు చల్లారుతోంది. అయినా ముద్ద ముట్టలేదు నేను.

"ఆమెన్," అంది.

నేను అనలేదు. ఆమె కళ్లు తెరవకుండానే నా ఆమెన్ కోసం ఆగి, నా వంతుది కూడా తనే అని, కంచం నా వైపు జరిపింది.