తడి చేతులు, ఫ్రిజ్ తలుపు

మా ఫ్రిజ్ నాకు మొదటిసారి షాక్ కొట్టినప్పుడు, కొట్టిందని నేనే నమ్మలేదు. వంటింట్లో బండలు తుడుస్తున్నాను. చేతిలో తడిగుడ్డ ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. లేవబోతుంటే మోచేయి ఫ్రిజ్ పక్కకు తగిలి భుజం దాకా జుమ్మంది. నరం పట్టుకుందేమో అనుకుని చెయ్యి విదిలించుకున్నాను. మళ్లీ వేలితో తాకి చూశాను, మళ్లీ జుమ్మంది. ఈసారి తడిగుడ్డ పడేసి దూరం జరిగాను.

మాది బుక్కరాయసముద్రంలో మా మామ కట్టించిన ఇల్లు. మామ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఇంట్లో ముగ్గురమే: నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల మా పాప. వంటింట్లో పెరటి తలుపు పక్కనే ఫ్రిజ్ ఉంటుంది. బయటి నుంచి ఎవరొచ్చినా ముందు చెయ్యి పెట్టేది దాని మీదే.

ఆ సాయంత్రం మా ఆయన అంగడి నుంచి రాగానే చెప్పాను. ఆయన ఫ్రిజ్ మీద అరచెయ్యి ఆనించి అట్లాగే నిలబడ్డాడు.

"ఏమీ ల్యా. నీకు ఊరికే భయం," అన్నాడు.

"నాకు కొట్టింది."

"మరి నాకెందుకు కొట్టల్యా? నేనంటే దానికేమన్నా భయమా?"

మడమలు పగిలి డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన ఇంట్లో కూడా రబ్బరు చెప్పులతోనే తిరుగుతాడు. ఆ పూట ఆయన కాళ్లవైపు చూడాలని నాకు తోచలేదు. తోచి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

నాకు ఫ్రిజ్ గురించి కాస్త గర్వం ఉండేది, దాచుకోవడమెందుకు. కొన్నప్పటి నుంచి దాన్ని నేనే చూసుకుంటున్నాను. గోడకు జానెడు దూరం జరిపి పెట్టాను. తలుపు చుట్టూ ఉన్న రబ్బరును నెలకోసారి సోడా నీళ్లతో తుడుస్తాను. తలుపులో కాగితం పెట్టి మూసి లాగుతాను, సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైందని లెక్క. మా వైపు గాలికి ఎర్రదుమ్ము ఎక్కడ పడితే అక్కడ చేరుతుంది. వెనక జాలీకి అది పట్టి, వేడి బయటికి పోక మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ప్లగ్గు తీసి, పాత బ్రష్షుతో జాలీ దులుపుతాను. వీధిలో ఎవరి ఫ్రిజ్‌లో నీళ్లు కారినా, ఐసు గడ్డకట్టినా నన్నే పిలిచేవాళ్లు. "అంతా దుమ్మే, ఇంకేం లేదు," అని డాక్టరమ్మలా చెప్పి వచ్చేదాన్ని.

కాబట్టి ఈ జబ్బు కూడా నాకు తెలిసిన మందులతోనే పోతుందనుకున్నాను. ప్లగ్గు తీసి, ఫ్రిజ్‌ను ముందుకు లాగి, దుమ్మంతా దులిపాను. అడుగున నీళ్లు చేరే ట్రే కడిగాను. ఐసంతా కరగనిచ్చి లోపల పొడిగా తుడిచాను. మధ్యాహ్నమంతా అదే పని. మళ్లీ ప్లగ్గు పెట్టి, తడివేలితో మెల్లిగా తాకాను. జుమ్మంది. అప్పుడు భయం వేసింది, నిజమైన భయం. నాకు తెలిసినవన్నీ అయిపోయాయి, అది మాత్రం అట్లాగే ఉంది.

నా గురించి కాదు ఆ భయం. పాప బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ విసిరి, కాళ్లూ చేతులూ కడుక్కుని, నీళ్లు కారుతుండగానే చల్లటి సీసా కోసం పరుగెత్తుతుంది. ఎండాకాలంలో రోజుకు పదిసార్లు ఆ తలుపు తీస్తుంది. ఆ తలుపు పిడి ఎత్తు, పాప గుండె ఎత్తు ఒకటే. ఒకసారి అది నా కంటికి కనబడ్డాక ఇక పోలేదు.

ఫ్రిజ్ ముందు గోనెపట్టా పరిచాను. పిడికి పొడి తువ్వాలు చుట్టాను. చెప్పులేసుకోకుండా, చేతులు తుడుచుకోకుండా ముట్టుకుంటే వీపు చీరేస్తానన్నాను.

"ఫ్రిజ్‌కు కోపం వచ్చిండాదా అమ్మా?" అంది పాప నవ్వుతూ.

"వచ్చిండాది. నాకూ వస్తాది, చూడు."

మెకానిక్కుకు ఫోన్ చేస్తే, కూలర్ల పని ఊపిరాడనీయడం లేదక్కా, రేపొస్తానన్నాడు. ఆ రేపు నాలుగు రోజులైంది. ప్లగ్గు తీసేద్దామని మా ఆయనతో అన్నాను. "ఈ ఎండల్లో పాలు, పిండి ఏం చేయల్ల? వాడొస్తాడు లే," అన్నాడు. నేను సరేనన్నాను. ఈ రోజుకీ ఆ సరే అన్న మాట తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. మోటారు గుర్రుమని మొదలైనప్పుడల్లా చేతిలో పని ఆపి పాప ఎక్కడుందో చూసుకునేదాన్ని.

అయిదో రోజు కొళాయి వచ్చింది. మా వీధికి నీళ్లొచ్చి నాలుగు రోజులైంది. కొళాయి వచ్చిందంటే ఇక అన్నీ మరిచిపోవాల్సిందే. బిందెలు, బకెట్లు, డ్రమ్ము, చివరికి కుక్కరు గిన్నె కూడా పెరట్లోకి చేరింది. ఆదివారం కాబట్టి పాప కూడా ఇంట్లోనే ఉంది. చెంబుతో నీళ్లు అందిస్తానని వచ్చి, రెండు చెంబులు నెత్తిన గుమ్మరించుకుని కేరింతలు కొట్టింది. నీళ్లు వృథా చేస్తున్నావని అరిచాను. నా అరుపుకు లోపలికి పరుగెత్తింది.

బిందె నిండేదాకా నేను కొళాయి వైపే చూస్తున్నాను. లోపల నుంచి ఏ శబ్దమూ రాలేదు. పాప ఉన్న చోట శబ్దం లేకుండా ఉండదు. తల తిప్పి చూశాను.

పాప ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. పిడికి చుట్టిన తువ్వాలు తడిసి ముద్దయి ఉంది. దాని మీద పాప చెయ్యి ఉంది. నోరు తెరిచి ఉంది, గొంతులోంచి ఏమీ రావడం లేదు. కళ్లు నావైపే చూస్తున్నాయి.

ఎట్లా వెళ్లానో నాకు తెలియదు. పాపను పట్టుకోబోయిన చెయ్యి మధ్యలో ఎట్లా ఆగిందో కూడా తెలియదు. గోడ మీది స్విచ్చును పిడికిలితో గుద్దాను. మోటారు ఆగింది. పాప బండల మీద కూలబడింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఏడ్చింది. బిడ్డ ఏడుపు విని అంత సంతోషపడిన తల్లి ఈ వీధిలో ఇంకొకతె ఉండదు.

ఆస్పత్రిలో గుండె పరీక్ష చేశారు. ఏం భయం లేదన్నారు. అరచేతిలో కందిన మచ్చ తప్ప ఇంకేమీ లేదు. ఇంటికొచ్చేసరికి మెకానిక్కు గడప దగ్గర తలొంచుకుని కూర్చుని ఉన్నాడు. మా ఆయన ఫోన్‌లో ఏమన్నాడో నేను అడగలేదు.

అతను ఫ్రిజ్‌ను ముట్టుకోలేదు. ముందు ఒక బల్బు తీశాడు. దాని హోల్డరుకు రెండు వైర్లు వేలాడుతున్నాయి. ప్లగ్గు పెట్టే చోట కరెంటు రంధ్రంలో ఒక వైరు, పైనున్న పెద్ద రంధ్రంలో రెండోది పెట్టాడు. బల్బు వెలగలేదు. లోపలి తీగ మాత్రం కొంచెం ఎర్రబడింది.

"నీ ఎర్తు చచ్చిపోయిండాదక్కా," అన్నాడు. "ఫ్రిజ్‌లో ఎక్కడో వైరు తగుల్తాండాది. ఎర్తు బాగుంటే ఆ కరెంటు నేలలోకి పోవల్ల. పోయే దావ లేక ఒంట్లోకి వస్తాండాది. ఎర్తు గుంత యాడ తవ్వినారు?"

మా ఆయన నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూశాను. మెకానిక్కు గోడ మీది ఎర్తు వైరు వెంబడే పెరట్లోకి నడిచాడు. ప్రహరీ మూలన అది నేలలోకి దిగింది. అక్కడ తుప్పు పట్టిన ఇనుప పైపు మూతి ఒకటి జానెడు పైకి తేలి ఉంది. చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉంది.

"నేల ఎండితే కరెంటు దిగదు. ఈడ నీళ్లు పోసి ఎన్నాళ్లైందక్కా?"

ఆ మూల నాకు తెలుసు.

మా మామ బతికున్నన్నాళ్లూ పొద్దున్నే అంట్లు తొలిచిన నీళ్లు బకెట్లో పట్టుకెళ్లి ఆ మూలన పోసేవాడు. అక్కడ చెట్టు లేదు, తీగ లేదు, గడ్డిపరక కూడా లేదు. పక్కింటి ఆమెతో నేను ఎన్నిసార్లు నవ్వానో. "మా మామ ఇనుప పైపును పెంచుతాండాడు, అది ఎప్పుడు కాయలు కాస్తాదో ఏమో," అనేదాన్ని. ఒకసారి ఆయన విన్నాడు. కోప్పడలేదు. "కాయకున్నా పోయల్లమ్మా," అని బకెట్ బోర్లించి వెళ్లిపోయాడు. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు. తెలిసే నవ్వుతున్నాననుకున్నాడేమో.

మామ పోయాక వాన సరిగా పడలేదు, బోరు ఎండింది, చెంబు నీళ్లు కూడా చూసి వాడుకునే కాలం వచ్చింది. ఏమీ మొలవని చోట నీళ్లు పోయడం నాకు పాపమనిపించింది. ఆ బకెట్‌ను కరివేపాకు చెట్టుకు మళ్లించాను. చుక్క కూడా వృథా పోనీయనని అందరికీ చెప్పుకున్నాను. కరివేపాకు ఏపుగా పెరిగింది. ఆ రోజు పొద్దున చారులో వేసింది కూడా ఆ ఆకే.

"పోసి చూడల్ల," అన్నాడు మెకానిక్కు.

నాలుగు రోజుల కోసం పట్టిన నీళ్లవి. రెండు బిందెలు తెచ్చి గుమ్మరించాను. నెర్రెల్లోకి బుడబుడమని దిగిపోయాయి, పైన తడి కూడా మిగల్లేదు. అతను దోసెడు కల్లుప్పు వేయమన్నాడు, వేశాను. ఇంకో బిందె పోశాను. లోపల బల్బు దగ్గర నిలబడిన మా ఆయన గొంతు వినిపించింది.

"వెలుగుతాండాది."

వెళ్లి చూశాను. బల్బు మెల్లిమెల్లిగా తెల్లబడుతోంది. నేను చూస్తుండగానే పూర్తిగా వెలిగింది. మామ పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

ఫ్రిజ్ వెనక మోటారు అదిరినప్పుడల్లా రేకుకు రాసుకుని వైరు మీది తొడుగు అరిగిపోయింది. లోపలి రాగి కనిపిస్తోంది. నా బ్రష్షు దాని పక్క నుంచే ఎన్నోసార్లు పోయింది, నేను చూసింది దుమ్మునే. అతను వైరు మార్చాడు. కరెంటు ఏమాత్రం పక్కదారి పట్టినా దానంతటదే పడిపోయే స్విచ్చు ఒకటి బిగించాడు. "ఇది ఉన్నా సరే, గుంత ఎండనీయొద్దక్కా. మన నేల అట్లాంటిది," అని చెప్పి వెళ్లాడు.

అతను వెళ్లాక మా ఆయన మెల్లిగా అడిగాడు. "ఆడ నాయన రోజూ పోస్తాండె కదా. నువ్వు పోయల్యా?"

"లేదు," అన్నాను.

ఆయన తన చెప్పులు విప్పి, వట్టి కాళ్లతో వెళ్లి ఫ్రిజ్ మీద చెయ్యి ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

ఇప్పుడు అంట్లు తొలిచిన నీళ్లు ఆ మూలకే వెళ్తాయి. పోయిన వారం కొళాయి రాలేదు, ట్యాంకరూ రాలేదు. కరివేపాకు రాలిపోతుంటే పాప చూసి, "చెట్టుకు పోయవా అమ్మా?" అంది. ముందు తాత గుంతకే అన్నాను. బకెట్ తనే మోసుకెళ్లి పోసింది. అరచేతి మచ్చ పోయింది. భయం కూడా పాపకు ఎప్పుడో పోయింది.

నాకు పోలేదు. రోజూ పొద్దున పాప లేవకముందే టెస్టర్ ఆనించి చూస్తాను. తర్వాత చెప్పులు విడిచి, చెయ్యి తడుపుకుని, వేళ్ల వెనక వైపుతో ఫ్రిజ్ తలుపును ముట్టుకుంటాను. ఇట్లా చేయకూడదని మెకానిక్కు తిట్టాడు. టెస్టరుంది, కొత్త స్విచ్చుంది, తడిసిన గుంత ఉంది, ఇంకేం కావల్లక్కా అన్నాడు. అతను చెప్పిందే నిజం. కానీ మామ పోసిన నీళ్లను ఆపింది నేను. ఆ తలుపు మళ్లీ ఎవరినైనా పట్టుకుంటే, పాప కంటే ముందు నన్నే పట్టుకోవాలి.