నడుములు కలవడం

గూడెం కొత్తవీధి దాటి కొండ మీదికి వెళ్తే ఒక చిన్న చర్చి ఉంది. ఆదివారం అక్కడ రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి పాస్టరు నతానియేల్ గారి తెలుగు గొంతు. ఆయన ఒక్కో వాక్యం చెప్పి ఆగగానే దాన్ని కొండభాషలో చెప్పే గొంతు మగ్దలేనమ్మది. వారమంతా కాఫీ తోటలో పళ్ళు కోసే మనిషి, ఆ పూట మాత్రం ఉతికిన చీర కట్టుకుని పాస్టరు పక్కన నిలబడుతుంది. ఆ చోటంటే ఆవిడకు ప్రాణం.

నతానియేల్ గారు మంచివారే గానీ, పెద్ద పెద్ద మాటలు వాడకపోతే ఆయనకు ప్రసంగం చేసినట్టుండదు. మొన్న చలికాలంలో పరలోకం గురించి చెబుతూ, “అక్కడంతా మహదానందం” అన్నారు.

మగ్దలేనమ్మ ఆగిపోయింది. అంతటి సంతోషానికి వాళ్ళ భాషలో ఉన్నది ఒకటే మాట. నడుములు కలవడం అని దాని అర్థం. పంట ఇంటికి చేరాక ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా థింసా ఆడేవారు. ఆ మాట అక్కడ పుట్టింది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు థింసా ఆడకూడదని ఈ చర్చి కట్టడి. అందుకే ఇన్నేళ్ళూ ఆవిడ ఆ మాట జోలికి పోకుండా, సంతోషం అని తెలుగులోనే చెప్పి నెట్టుకొచ్చింది. కానీ పరలోకం ఎలా ఉంటుందో అర్థం కాకుండా అక్కడికి రమ్మంటే ఎవరొస్తారు?

ఆ రోజు ముందు వరసలో చిన్నమ్మి కూర్చుంది. ముసలిది, తెలుగులో సంతలో బేరమాడే ముక్కలు తప్ప రావు. ఈమధ్యే కూతుర్ని మట్టిలో పెట్టి వచ్చింది. తన పిల్లకు అక్కడ ఏముందో వినాలని మగ్దలేనమ్మ నోటి వంకే చూస్తోంది. ఆ చూపు ముందు దాటవెయ్యడం ఆవిడ వల్ల కాలేదు. ఆ మాటే అనేసింది.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. చిన్నమ్మి మాత్రం కళ్ళు తుడుచుకుంది.

ప్రార్థన అయ్యాక పాస్టరు పిలిచారు. “ఎందుకు నవ్వారు? ఏమని చెప్పావమ్మా?”

తన చోటు పోతుందని తెలిసే ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

“వద్దన్న ఆటని పరలోకంలో పెట్టావా?”

చిన్నమ్మి వెనకాలే నిలబడి ఉంది. “ఆట మానీమన్నారు, మానీసినాం బాబూ. ఆ మాట కూడా ఒద్దంటే, నా కూతురు, నా గుంట, అక్కడ ఎలాగున్నాదో నాకు ఏటని సెప్తావు?”

పాస్టరు పక్కకు జరిగారు. “నాకు చేతకాదు, నువ్వే చెప్పమ్మా,” అన్నారు మగ్దలేనమ్మతో.

ఆవిడ చిన్నమ్మి నడుం చుట్టూ చెయ్యి వేసి, ఆ మాట మళ్ళీ చెప్పింది.