ముక్కున్న చక్రవర్తి

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆయన్ని నాణేలు సేకరించే మిత్రులందరూ భూతద్దం అంటారు. కంటికి అద్దం ఆన్చి, పెదవి విరిచాడంటే ఆ తీర్పుకు ఇక తిరుగులేదు. ఆయన రోమన్ నాణేల మీద చక్రవర్తులందరికీ ముక్కులు అరిగిపోయాయి. ఆ ఆదివారం సమావేశంలో బస్సు డ్రైవరు రుమాలు విప్పి చూపిన వెండి నాణెం మీద చక్రవర్తి ముక్కు మాత్రం కొనదేలి ఉంది. అసలైనదేనని తెలుస్తూనే భూతద్దం కడుపు భగ్గుమంది. "నకిలీదండీ. ఈమధ్య పోత పోసింది," అన్నాడు. డ్రైవరు ముఖం చిన్నబోయింది. "మీరే అన్నాక ఇంకేముందండీ! నకిలీ ఎలా ఉంటుందో కొత్తవాళ్లకి చూపించడానికి మీరే ఉంచుకోండి," అని ఆయన చేతిలో పెట్టేశాడు.

ఇప్పుడు దుకాణంలో ఎవరూ లేనప్పుడల్లా సొరుగు లాగి ఆ ముక్కు చూసుకుంటాడు. గుమ్మంలో చప్పుడైతే టక్కున మూసేస్తాడు. ఆదివారం మాత్రం ఆ అరిగిన ముక్కులే పట్టుకెళ్లి, తమ నాణేలు నలుగురికీ చూపించుకునేవాళ్లను చూసి కుళ్లుకుంటాడు.